పోయిండంటే ఎక్కడికని అడగాలె

మంగళవారం పొద్దున, వచ్చిన పేపర్ల మీద లైబ్రరీ ముద్ర వేస్తుంటే ఫోన్ మోగింది. బాపు కూతురు. నంబరు నా దగ్గర ఎప్పటినుంచో ఉందిగానీ ఆ అమ్మాయి నాకు ఫోన్ చేయడం అదే మొదలు.

"మేడం, నాయిన పోయిండు."

"ఎక్కడికి?" అన్నాను.

అటువైపు ఎవరో ఆటోలోంచి టెంటు కుర్చీలు దింపుతున్న చప్పుడు వినిపించింది. పొద్దున్నే ఒక ఇంటిముందు కుర్చీలు ఎందుకు దింపుతారో తెలియనిదాన్ని కాదు. అప్పుడు అర్థమయింది.

"చెప్పి పోలే మేడం," అని ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

మిగిలిన మూడు పేపర్లకూ ముద్ర వేశాను. తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను. పేపర్లు తీసుకెళ్ళి బల్లల మీద పరిచాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు కుర్చీలో కూర్చున్నాను కూడా. రాలేదు. సిగ్గు మాత్రం వచ్చింది. యాభైకి దగ్గరపడ్డదాన్ని, రోజంతా పుస్తకాల మధ్య బతికేదాన్ని, చావుకబురు చెప్పిన పిల్లను పట్టుకుని ఎక్కడికని అడిగాను. నోరా వీపుకు దెబ్బలు తేకే అని ఊరికే అనలేదు.

మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళాను. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న ఆ అమ్మాయి తల ఎత్తలేదు. దండ వేసి వచ్చేశాను. ఆదివారం లైబ్రరీలో సంతాపసభ పెట్టాలని అందరూ అన్నారు. పెట్టాల్సింది నేనే. ఆ అమ్మాయి వస్తుంది. ఆ మొహం ఎట్లా చూడాలి, ఏమని చెప్పుకోవాలి అన్నదే ఆ వారమంతా నా ఫికరు.

ఆ మాట నాకు నేర్పింది వాళ్ళ నాయనే. కానీ ఆ సంగతి ఆ అమ్మాయికి తెలుసో లేదో నాకు తెలియదు.

బాపు అన్నది పేరు కాదు. సభ్యుల రిజిస్టర్‌లో వేరే పేరుంది. దాన్ని ఎవరూ వాడలేదు, నేనూ వాడలేదు. ఛత్రినాకలో మాది చిన్న శాఖా గ్రంథాలయం. ఒక హాలు, పక్కన ఒక గది, నాలుగు పొడుగు బల్లలు. నేను మలక్‌పేట నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఇక్కడికి బదిలీ అయి వచ్చిన మొదటి రోజు నేను తాళం తీయబోతుంటే, మెట్ల మీద కూర్చున్న ఒక బక్కపలచటి మనిషి లేచి, "ఆ తాళం జర ఎడమకు తిప్పి కుడికి తిప్పాలె మేడం, మొండిది," అన్నాడు. మోకాళ్ళ మీదికి ధోవతి, భుజాన ఎర్ర తువ్వాల. ఈయన ఇక్కడ ఏం ఉద్యోగం చేస్తారని అడిగితే అటెండరు నవ్వాడు. ఏ ఉద్యోగమూ లేదు. వస్తాడు, పని చేస్తాడు, పోతాడు, అంతే.

మొదట్లో నాకాయన గిట్టలేదు. అన్నిట్లో చెయ్యి పెట్టేవాడు. ఆదివారం పిల్లలకు కథలు చెప్పే కార్యక్రమమైనా, నెలకోసారి పింఛను దరఖాస్తులు నింపిపెట్టే రోజైనా, ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి మాట్లాడే సభ అయినా కుర్చీలు ఆయనవే. ముప్పై కుర్చీలుంటే పదే వేసేవాడు. "ఇంతమందిని పిలిచాం, పది కుర్చీలేంటి బాపూ?" అని కసిరాను ఒకసారి.

"ముప్పై ఏస్తే పదిమంది వచ్చినా హాలు బోసిగ కనవడ్తది మేడం. పది ఏస్తే పదకొండో మనిషి రాంగనే కుర్చి తేవాలె. మాట్లాడేటాయన సూస్తడు, ఇంకా వస్తున్నరనుకుంటడు. ఖుషీ అయితడు."

అట్లా ఒక్కో కుర్చీ చప్పుడు కాకుండా మోసుకొచ్చి వేసేవాడు. వచ్చినవాళ్ళు పన్నెండు మందే అయినా మా హాలు ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఎవరికైనా నీళ్ళిస్తే చెంబు భుజం దాకా ఎత్తి పోసేవాడు. చుక్క కింద పడేది కాదు. "నీళ్ళకు నురగ రాదు బాపూ," అని నేను ఏడిపిస్తే, "చెయ్యికి తెల్వదు గద మేడం," అని తానూ నవ్వేవాడు. ముప్పై ఏళ్ళు పాలు పోసిన మనిషి. గల్లీలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకున్నాక బర్రెలకు చోటు లేకపోయింది. అమ్మేశాడు. కొట్టం ఉన్నచోట ఇప్పుడు టైల్సు గోదాం.

ఇక్కడికే ఎందుకు వస్తావని ఒకసారి అడిగాను. చదవడానికి కాదని నాకు తెలుసు. తెలుగు పేపరు వేలు పెట్టి చదివేవాడుగానీ, రెండో పేజీకి వచ్చేసరికి అలిసిపోయేవాడు.

"బర్రెకాడ కూసున్నప్పుడు ముచ్చట పెట్టొద్దు. సప్పుడైతే పాలు ఎగవడ్తది, ఇడువది. నోరు మూస్కొని పని చేసుకోవాలె. ఈడ గూడ గంతే గదా. నాకు అలవాటైన జాగనే బిడ్డా."

మేడం పోయి బిడ్డ అయింది ఆ రోజే.

హాల్లో నిద్రపోకూడదని గోడమీద రాసి ఉంది. రాయించింది నేనే. మధ్యాహ్నాలు ఎండకు తాళలేక వచ్చి పేపరు ముందు పెట్టుకుని కునికేవాళ్ళను లేపి పంపించేదాన్ని. కొన్నాళ్ళకు ఎవరూ నిద్రపోవడం లేదని సంతోషించాను. ఒకరోజు గదిలోంచి తొంగిచూస్తే అసలు సంగతి తెలిసింది. బాపు బల్లల మధ్య తిరుగుతూ, కునికేవాళ్ళ ముందున్న పేపర్ల పేజీలు మెల్లగా తిప్పుతున్నాడు. నేను నా కుర్చీలోంచి చూస్తే చదువుతున్నట్టే ఉంటుంది. పట్టుబడ్డాక కూడా ఆయన తడబడలేదు. "రాత్రి డ్యూటీ చేసొచ్చిండు బిడ్డా. సదివినా గా వార్తలే గదా," అన్నాడు.

ఇక సంతాపసభల్లో పాటించే రెండు నిమిషాల మౌనం సంగతి.

నేను వచ్చిన ఏడాదిలోనే రోజూ వచ్చే పాఠకుడొకాయన చనిపోయాడు. సభ పెట్టాం. ఊళ్ళో అందరూ చేసేదే మేమూ చేశాం. అధ్యక్షత వహించిన పెద్దమనిషి "రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాడు, అందరం నిలబడ్డాం, ఇరవై లెక్కపెట్టేలోపే ఆయన గొంతు సవరించుకుని "థాంక్యూ" అన్నాడు. కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ కూర్చున్నారు, బాపు తప్ప. ఆయన వెనక గోడ దగ్గర తల వంచుకుని నిలబడే ఉన్నాడు. పెద్దమనిషి మాట్లాడబోయి ఆగాడు. ఒకరిద్దరు మళ్ళీ లేచారు. నేనూ లేచాను. ఒళ్ళు మండింది నాకు. చివరికి బాపు తలెత్తి, "ఇప్పుడైంది. కూసోండ్రి," అన్నాడు.

సభ అయ్యాక నిలదీశాను. అంతమంది ముందు పెద్దమనిషి పరువు తీయడం అవసరమా అని.

"ఆ సచ్చినాయన ఎన్నేండ్లు కూసున్నడు బిడ్డా ఈడ? మనం రెండు నిమిషాలు నిలవడలేమా?"

ఆ తర్వాత మా లైబ్రరీలో మౌనం ఎప్పుడు పాటించినా, కూసోండ్రి అనే పని ఆయనకే అప్పజెప్పాం. ఆయనకు గడియారం లేదు. ఫోను చూసేవాడు కాదు. అయినా నేను నా వాచీలో చూసుకుంటే సరిగ్గా రెండు నిమిషాలు, పైన కొన్ని సెకన్లు. ఎట్లా అని ఒకసారి కళ్ళు మూసుకోకుండా ఆయన్నే చూశాను. చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. వేళ్ళు కదులుతున్నాయి. ఒక చెయ్యి మూసుకుంటే ఒక చెయ్యి తెరుచుకుంటోంది. బొటనవేలు లోపలికి మడిచి, పైనుంచి కిందికి ఒక్కో వేలూ బిగిసి వదులవుతోంది. పాలు పిండుతున్నాడు.

అడిగితే చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. "బర్రెల్నైతే అమ్మిన. చేతులకు చెప్పలే. నూరు ధారలైతే నిమిషం బిడ్డా. రెండు నూర్లు."

"మరి పైన ఆ కొన్ని సెకన్లు ఏంటి? వేళ్ళు ఆగిపోయాక కూడా నువ్వు తల ఎత్తవు."

"పొదుగు మొత్తం ఊడ్చి పిండొద్దు. ఆఖరికి జర దుడ్డెకు ఇడిచిపెట్టాలె," అన్నాడు. దుడ్డె అంటే బర్రెదూడ. "రెండు నిమిషాలు మనయి. పైనయి దుడ్డెకు."

"ఇక్కడ దుడ్డె ఎవరు బాపూ?"

"ఎవలకు ఇంక సాలలేదో, వాళ్ళు," అని కుర్చీలు మడవడానికి పోయాడు.

మాస్టర్ సాబ్ గొడవ జరిగింది తర్వాతి ఏడాది. మాస్టర్ సాబ్ అంటే ఉర్దూ బడిలో చెప్పి రిటైరయినాయన. కిటికీ పక్క కుర్చీ ఆయనది, ఉర్దూ పేపరు ఆయనది. పదిహేను రోజులు రాలేదు. బాపు ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి అతన్ని అడిగాడు. అతను ఇస్త్రీ పెట్టె ఎత్తకుండానే, "మాస్టర్ సాబ్ పోయిండు గదా, మొన్ననే," అన్నాడు. బాపు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చాడు. వాళ్ళిల్లు ఎక్కడో మాలో ఎవరికీ తెలియదు, ఫోటో లేదు. ఆ కుర్చీ మీద ఆయన పేపరు పెట్టి, దానికే బంతిపూల దండ వేశాం. "మన పాఠకులు మాస్టర్ సాబ్ మృతికి సంతాపం" అని బోర్డు మీద నా చేతులతో నేనే రాశాను. రెండు నిమిషాలు నిలబడ్డాం. వేళ్ళు ఆగాక బాపు ఆ రోజు ఇంకా ఎక్కువసేపు నిలబడ్డాడు.

ఆ తర్వాతి వారం నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మాస్టర్ సాబ్ లోపలికి వచ్చారు.

బోర్డు తుడవడం మేం మరిచిపోయాం. తెలుగు ఆయనకు బాగానే వచ్చు. కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి, బోర్డుకు దగ్గరగా వెళ్ళి, ఒక్కో అక్షరం చదువుకున్నారు. మావైపు తిరిగి, "అరె మియాఁ, మైఁ కబ్ మరా? నేనెప్పుడు సచ్చిన?" అని అడిగారు.

ఇస్త్రీ అతన్ని పిలిపించాం. అతను మామీదే గరమయ్యాడు. "నేను పోయిండన్న. సచ్చిండన్ననా? మలక్‌పేటకు పోయిండు, తమ్మునింటికి, కండ్ల ఆపరేషనుకు. ఎక్కడికని మీరు అడిగితే గదా!"

బాపు తన ఎర్ర తువ్వాలతో బోర్డు తుడిచాడు. నా రాతను ఆయన తుడుస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టర్ సాబ్ ముందు నిలబడి చేతులు జోడించాడు. మాస్టర్ సాబ్ ఆయన్ను చూసి ఒకటే అడిగారు.

"ఎంతసేపు నిలవడిన్రు?"

"రెండు నిమిషాలు సాబ్."

"పూరా?"

"పూరా సాబ్. పైన గూడ జర."

"ఫిర్ ఠీక్ హై," అని ఆయన తన కుర్చీలో కూర్చుని పేపరు విప్పుకున్నారు. "బతికుండంగనే తెలిసింది. అదీ నసీబే."

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదుగానీ ఆ రోజు హాల్లో నిశ్శబ్దం పాటించమని నేను ఎవరికీ చెప్పలేకపోయాను. బాపు మాత్రం నవ్వలేదు. మర్నాడు అందరికీ ఒక కట్టడి పెట్టాడు. "ఎవలన్న పోయిండంటే, ముందు ఎక్కడికని అడగాలె. అడగక ముందు దుఃఖపడొద్దు."

అది మా లైబ్రరీలో ఆటయింది. అటెండరు టీకి పోయిండంటే పదిమంది ఒక్కసారి "ఎక్కడికి?" అనేవాళ్ళు. కరెంటు పోయిందన్నా అదే. నేనూ నేర్చుకున్నాను. ఇంట్లో మావారు "పక్కింటాయన పోయాడు" అంటే ఎక్కడికని అడిగి తిట్లు తిన్నాను. ఆయన నిజంగానే పోయాడు. అయినా బుద్ధి రాలేదు. నాలుగేళ్ళ అలవాటు. మంగళవారం ఫోన్‌లో నా నోటికి వచ్చింది ఆ ఆటే.

ఆదివారం పొద్దున నేనే కుర్చీలు వేశాను. పది. లైబ్రరీలో ఇన్నేళ్ళలో నేను కుర్చీ మోసింది లేదు. ఎంత మెల్లగా పెట్టినా చప్పుడయింది. పదకొండో మనిషి వచ్చాడు, ఇంకొకటి తెచ్చాను. ఇస్త్రీ అతను వచ్చాడు. పింఛను దరఖాస్తులు నింపించుకున్న ఆడవాళ్ళు వచ్చారు. మధ్యాహ్నాలు వచ్చి నిద్రపోయేవాళ్ళు స్నానాలు చేసి వచ్చారు. కుర్చీలు ముప్పై అయిపోయాక మోయడానికి ఏమీ లేక గుమ్మంలో నిలబడ్డాను. బల్ల మీద ఫోటో, దానికి దండ. ఈసారి బోర్డు మీద రాసేముందు చాలాసేపు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. పేరు రాసి, కింద ఏమీ రాయలేదు.

ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. గుమ్మం దగ్గరే ఆపాను. వారమంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఫోన్‌లో... నేను..." అన్నాను.

"ఇంట్ల ఆ ముచ్చట నాయిన మస్తుసార్లు చెప్పిండు మేడం. మాస్టర్ సాబ్ ముచ్చట. నాకెరుకే." ఆ అమ్మాయి గొంతులో ఏమీ లేదు. "ఎరుకైనా కోపమొచ్చింది. రెండు రోజులు మీ మీద మస్తు కోపమున్నది. మూడోనాడు నాయిన పేరు మీద కాకిపిట్టకు కూడు పెట్టినం. మధ్యాహ్నం దాక పిట్ట ముట్టలే. అందరు గోడలెంక దాసుకొని సూస్తున్నరు. అప్పుడు నేను గూడ గదే అడిగిన మేడం. నాయినా, ఎక్కడికి పోయినవని."

పిట్ట ముట్టిందా అని నేను అడగలేదు. ఆ అమ్మాయీ చెప్పలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాను. ఆ చెయ్యి చల్లగా, బరువుగా ఉంది. నా చెయ్యి కూడా అట్లాగే ఉండి ఉంటుంది.

నలుగురు మాట్లాడారు. నేను మాట్లాడలేదు. ఏం మాట్లాడారో ఇప్పుడు గుర్తు లేదు. చివరికి అందరూ నావైపు చూశారు. "రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం," అన్నాను.

మాస్టర్ సాబ్ బల్ల పట్టుకుని లేవబోయారు. మోకాళ్ళు పనిచేయడం లేదు ఆయనకు. "మీరు కూర్చోండి సాబ్," అన్నాను.

"నకో. నా కోసం వాడు నిలవడిండు."

లేచారు. ఫోన్‌లో సమయం పెట్టుకుని నేనూ తల వంచాను. ఇరవై సెకన్లు కాగానే వెనక ఎవరో కాళ్ళు కదిపారు. బయట ఆటో హారన్లు. నలభై. కూసోండ్రి అనేది నేనే అనాలి. ఎప్పుడనాలో ఫోన్ చెబుతుంది. అంతకంటే ఏమీ ఆలోచించలేదు. లోపల ఎండిన బావిలా ఉంది. ఎండినందుకు బాధ కూడా లేదు.

నిమిషం దాటాక, ఫోన్ పక్కనుంచి ఆ అమ్మాయి చేతులు కనిపించాయి. ఒకటి మూసుకుంటే ఒకటి తెరుచుకుంటోంది. బొటనవేలు లోపలికి మడిచి, పైనుంచి కిందికి, ఒక్కో వేలూ. తనకు తెలియకుండానే. చిన్నప్పుడు కొట్టంలో తండ్రి పక్కన కూర్చుని ఎన్ని వేలసార్లు చూసి ఉంటుందో, చేసి ఉంటుందో. నేను ఫోన్ చీరచెంగులో పెట్టేసి ఆ చేతులనే చూశాను.

వేళ్ళు ఆగాయి. నోరు తెరిచాను. అంతలో బాపు మాట గుర్తొచ్చింది.

పైనయి దుడ్డెకు.

నోరు మూసుకున్నాను. ఎవరూ కూర్చోలేదు. వేళ్ళు ఆగిన ఆ అమ్మాయి చేతులు కాసేపు అట్లాగే గాలిలో ఉన్నాయి, పట్టుకోవడానికి ఇక ఏమీ లేనట్టు. తర్వాత అవి మొహం మీదికి వెళ్ళాయి. మంగళవారం నుంచీ తల ఎత్తని పిల్ల, గొంతులో ఏమీ లేని పిల్ల, భుజాలు కదిలేలా ఏడ్చింది. మేమంతా నిలబడే ఉన్నాం. ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. నాకు మాత్రం అప్పుడు కూడా కన్నీళ్ళు రాలేదు, ఇప్పటికీ రాలేదు. కానీ నిలబడ్డాను.

ఆ అమ్మాయి కొంగుతో మొహం తుడుచుకుని తల ఎత్తాక, "కూసోండ్రి," అన్నాను. నా నోట ఆ మాట అట్లా రావడం అదే మొదటిసారి.

అందరూ కూర్చున్నారు. మాస్టర్ సాబ్ బల్ల పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నారు. నావైపు చూశారు.

"పూరా?"

"పూరా సాబ్," అన్నాను. "పైనవి గూడ."

అప్పుడు కూర్చున్నారు.